గల్లీ మీద తీగ: కామాటిపురా చాళ్లలో ఏరియల్ కట్టిన కథ

పోయిన దీపావళి ముందర మా తమ్ముడి కొడుకు హామ్ రేడియో పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నాడు. ఠాణేలో వాళ్లది పధ్నాలుగో అంతస్తు. గచ్చి మీద 20 మీటర్ల తీగ కట్టుకుంటానని వాడు సొసైటీకి అర్జీ పెడితే, కమిటీ వాళ్లు కుదరదని ఒక్క ముక్కలో తేల్చేశారు. పిల్లోడు ముఖం మాడ్చుకుని మా ఇంటికొచ్చి, "పెద్దనాయనా, మీరు కామాటిపురాలో ఉన్నప్పుడు తాత రేడియోకి తీగ కట్టిండంట గదా? ఎవర్ని అడిగి కట్టిండు?" అన్నాడు.

ఎట్లా కట్టాడని అడుగుతాడనుకున్నాను. ఎవర్ని అడిగి అనేసరికి ఆలోచనలో పడ్డాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే మన గల్లీల కథ, రేడియో కథ రెండూ కలిపి చెప్పాలి. అందుకే ఈ రాత.

కామాటిపురా పేరే మనది. 18వ శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి సముద్రపు నీళ్లు ఆగాక, మధ్యలో ఉన్న పల్లపు నేల మెల్లగా పూడింది. రోడ్లు, గోడలు, మేడలు కట్టడానికి నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీల్ని ఇక్కడ కామాఠీలు అన్నారు. వాళ్లున్న పేట కామాటిపురా అయింది. గల్లీలకి పేర్ల కంటే నంబర్లే ఎక్కువ చెల్లుతాయి. "ఏ గల్లీ మీది?" అంటే ఇప్పటికీ అంకె చెప్తారు. ఆ తరవాత నూలు మిల్లులొచ్చాయి. కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి మనవాళ్లు ఇంకా వచ్చారు. కొందరు ఇక్కడ, కొందరు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో సర్దుకున్నారు.

ఊళ్లో ఎంత పేదింటికైనా వెనకాల ఇంత పెరడుంటది. ఒక వేపచెట్టు, ఒక పందిరి గుంజ ఉంటాయి. చాల్‌లో పెరడు లేదు. ఒక్క ఖోలీ, ముందర అందరిదీ అయిన గ్యాలరీ, మూలన మోరీ, పైన మంగళూరు పెంకులు లేదా రేకులు. చాకలి బండ నుంచి నీళ్ల నల్లా దాకా అన్నీ ఉమ్మడే. ఇట్లాంటి చోట ఎవరైనా తీగ కట్టాలంటే అది ఎవరో ఒకరి కిటికీ ముందు నుంచి పోవాల్సిందే.

బొంబాయికి రేడియో తొందరగానే వచ్చింది. 1923లోనే బొంబాయి రేడియో క్లబ్ వాళ్లు ప్రసారాలు మొదలుపెట్టారు. అంటే మన దేశంలో రేడియోని ముందు మోసింది సర్కారు కాదు, సరదాపరులే. 1927 జూలై 23న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయి కేంద్రం మొదలైంది. దాని శక్తి 1.5 కిలోవాట్లు. రేడియో పెట్టుకునేవాళ్లు ఏడాదికి 10 రూపాయలు లైసెన్సు కట్టాలి. లైసెన్సులు చాలక ఆ కంపెనీ 1930లో మూతపడితే సర్కారు తీసుకుంది. 1936లో దానికి ఆల్ ఇండియా రేడియో అని పేరొచ్చింది. ఆ రోజుల్లో మిల్లు కూలీ ఇంట్లో సెట్టు ఎక్కడిది! హోటల్ ముందర నిలబడి వినడమే.

ఆనాటి వాల్వు సెట్ల వెనకాల రెండు బుడిపెలుండేవి. ఒకదానికి ఏరియల్, రెండోదానికి ఎర్త్. ఏరియల్ అంటే ముప్పై నుంచి యాభై అడుగుల రాగి తీగ, వీలైనంత ఎత్తున. రెండు కొసలా తెల్ల పింగాణీ గుడ్లు కట్టి, వాటికి తాడు వేసి బొంగుకో దూలానికో బిగించేవారు. పింగాణీ ఎందుకంటే, తీగలోకి వచ్చిన సన్నటి కరెంటు తడి బొంగు గుండా కారిపోకుండా. తీగ నుంచి కిందికి దిగే వైరు కిటికీ గుండా లోపలికొచ్చేది. ఎర్త్‌కి మట్టి ఎక్కడిది? నీళ్ల నల్లా ఇనప గొట్టానికి తీగ చుట్టేవారు. వానాకాలంలో పిడుగు భయానికి కిటికీ దగ్గర ఒక మీట పెట్టి, వాన మొదలవ్వగానే ఏరియల్‌ని నేరుగా ఎర్త్‌కి కలిపేసేవారు. పైన కట్టుకునే తాహతు లేనివాళ్లు ఖోలీలోనే గోడ నుంచి గోడకి రాగి జాలీ పట్టీ లాగేవారు. దానికి బట్టలు ఆరేయొద్దని ఆడవాళ్లకి రోజూ చెప్పాల్సి వచ్చేది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. వినే తీగకి పొడుగు లెక్క అంత గట్టిగా ఉండదు. హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ అంటే అల పొడుగు దాదాపు 406 మీటర్లు. దాంట్లో సగం తీగ కట్టాలంటే గల్లీ మొత్తం చాలదు. అయినా నలభై అడుగుల తీగతో పని నడిచేది. మాట్లాడే తీగ సంగతి అట్లా కాదు. పంపే అలకి సరిపోయే పొడుగు లేకపోతే, పంపిన శక్తి తీగ నుంచి బయటికి పోకుండా సెట్టుకే తిరిగొస్తుంది. అందుకే హాములకి టేపు, కత్తెర, లెక్క మూడూ కావాలి.

ఆ మాట్లాడే తీగ మన పక్కనే ఒకసారి చరిత్రకెక్కింది. 1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ సర్కారు హాముల లైసెన్సులు ఆపి, ట్రాన్స్‌మిటర్లు పోలీసులకి అప్పజెప్పమంది. 1942లో క్విట్ ఇండియా వచ్చినప్పుడు ఉషా మెహతా, ఆమె సహచరులు కాంగ్రెస్ రేడియో అనే రహస్య కేంద్రం నడిపారు. దానికి సాంకేతిక సాయం చేసినవారిలో నరీమన్ ప్రింటర్ హామ్. చికాగో రేడియో నడిపిన నానక్ మోత్వానీ సామాను ఇచ్చాడు. మొదటి ప్రసారం చౌపాటీ నుంచి జరిగింది, అంటే కామాటిపురాకి రెండు మైళ్ల లోపే. వాళ్ల అల పొడుగు 42.34 మీటర్లు. మన పిల్లోడు లైసెన్సు తెచ్చుకుంది కూడా ఈ అలల దగ్గరే, హాములు 40 మీటర్ల బ్యాండు అంటారు. దానికి సగం అల తీగ కడితే 20 మీటర్ల పైచిలుకు, అంటే 66 అడుగులు. అంత తీగని పోలీసు కళ్లబడకుండా దాచడం ఒక కష్టం. ఆ తీగ నుంచి వచ్చే అలని వాసన పట్టే పోలీసు వ్యాన్లు ఇంకో కష్టం. అందుకే వాళ్లు ఇళ్లు మారుస్తూ పోయారు. నవంబర్ 12న ఉషా మెహతా దొరికిపోయింది. ఆమెకి నాలుగేళ్ల జైలు పడింది. తీగ ఎక్కడ కట్టాలన్నది ఉత్త సరదా ప్రశ్న కాదని ఆ నాలుగేళ్లే చెప్తాయి.

మన తెలుగువాళ్లకి మాత్రం అసలు ఆకలి తెలుగు మాట. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియోని 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణి తీసుకుంది. బొంబాయిలో పగటి పూట ఆ స్టేషన్లు వినపడేవి కావు. రాత్రి వినపడేవి. పగలు ఎండకి ఆకాశంలో కింది పొర ఒకటి తయారై మీడియం వేవ్ అలల్ని మింగేస్తది. పొద్దు గూకితే ఆ పొర చెదిరిపోయి, అలలు పై పొరకి తగిలి వందల మైళ్ల అవతల దిగుతాయి. ఇదంతా మాకు అప్పుడు తెలవదు. "రాత్రైతే హైదరాబాద్ దగ్గరకొస్తది" అనేది మా అవ్వ. షార్ట్ వేవ్‌లో రేడియో సిలోన్ ఉండనే ఉంది. మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసే పూట మా గ్యాలరీలో ఆడవాళ్లందరూ బియ్యం చేటలు పట్టుకుని మా గడప ముందరే కూర్చునేవాళ్లు.

ఇప్పుడు నాయన సంగతి. 1960ల్లో మిల్లు బోనస్ డబ్బులతో సెకండ్ హ్యాండ్ వాల్వు సెట్టు కొన్నాడు. మాది మొదటి అంతస్తు. తీగ కట్టాలంటే ముగ్గుర్ని అడగాల్సి వచ్చింది. ఒకరు కిరాయి వసూలుకొచ్చే సేఠ్ మనిషి. పగ్డీ ఇచ్చి ఉంటున్నా కప్పు సేఠ్‌దే. రెండోవారు పై అంతస్తు వాళ్లు. బొంగు కట్టేటప్పుడు పెంకు పగిలితే వాన నీళ్లు కారేది వాళ్ల నెత్తిమీద. మూడోవారు ఎదురు చాల్‌లో ఉండే మరాఠీ పెద్దమనిషి. తీగ రెండో కొస ఆయన గ్యాలరీ గుంజకి కట్టాలి.

సేఠ్ మనిషి ఏదో గొణిగి ఊరుకున్నాడు. పై వాళ్లకి నాయన ముందే పది పెంకులు కొనిచ్చాడు. ఎదురింటాయన మాత్రం ఒక షరతు పెట్టాడు. తీగ ఆయన గుంజకుంటే, ఆదివారం పొద్దున మరాఠీ కార్యక్రమం గట్టిగా పెట్టాలి, గల్లీ అవతలికి వినపడాలి. నాయన సరేనన్నాడు. అట్లా పదకొండేళ్లు నడిచింది. మా ఇంట్లో అందరికీ మరాఠీ నాట్యసంగీతం నోటికి రావడానికి కారణం ఆ గుంజే.

అన్నీ ఇంత మంచిగా జరగలేదు. ఒక వానాకాలం తీగ తెగి గల్లీలోని కరెంటు వైరు పక్కన పడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రి పై ఇంటావిడ నాయన్ని పిల్లలున్న ఇంట్లో ఇదేం పనని నిలదీసింది. నాయన మారు మాట్లాడలేదు. మర్నాడు తీగని కరెంటు వైరుకి దూరంగా ఇంకో పక్కకి మార్చాడు. "తీగ తెగితే ఏడ పడతదో ముందు చూడాలె, కట్టుడు తర్వాత" అని మాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఏరియల్ తీగల పని తీరిపోయింది. సెట్టు లోపలే ఫెర్రైట్ కడ్డీ ఉంటది, సెట్టుని తిప్పుకుంటే చాలు. 1972 అక్టోబర్ 2న బొంబాయి దూరదర్శన్ మొదలయ్యాక గచ్చిల మీద అల్యూమినియం కడ్డీల అడవి మొలిచింది. అది 1926లో జపాన్‌లో ఉదా, యాగీ అనే ఇద్దరు తయారుచేసిన నమూనా. దాని ముఖం వర్లీ టవర్ వైపు ఉండాలి. కాకి వాలి కడ్డీ తిరిగితే బొమ్మ పోయేది. అప్పుడు ఎవరి కడ్డీకి ఎవరి కడ్డీ అడ్డమని తగువులు. 1980ల మధ్యలో రేడియో లైసెన్సులు కూడా ఎత్తేశారు. కేబుల్ వచ్చింది, కడ్డీలు పాత ఇనప సామాన్లోకి పోయాయి.

మరి ఇప్పుడు హామ్ రేడియో ఎందుకని మా తమ్ముడే అడిగాడు, చేతిలో ఫోన్ ఉంది గదా అని. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు ఆ ఫోన్లు ఏమయ్యాయో మన ముంబైవాళ్లకి చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి అండమాన్ కబుర్లు బయటికి పంపింది భారతీ ప్రసాద్ అనే హామ్. ఆమె బృందం అక్కడికి వెళ్లింది హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున. హోటల్లో పెట్టుకున్న సెట్టూ, తీగా ఎన్నో కుటుంబాలకి తమవాళ్ల కబురు అందించాయి.

పిల్లోడికి నేను చెప్పిందిది. 20 మీటర్ల తీగే కావాలని పట్టు పట్టకు. 14 మెగాహెర్ట్జ్‌కి 10 మీటర్లు చాలు. తీగని నేరుగా లాగే చోటు లేకపోతే నడుమ ఒక్క గడ మీద ఎత్తి, రెండు కొసలూ కిందికి వాల్చి తలకిందుల వి అక్షరంలా కట్టొచ్చు. అదీ కుదరకపోతే బాల్కనీలో మీటరు వెడల్పు రాగి గొట్టం వలయం పెట్టు. దాని బలం తక్కువే, ప్రతిసారీ సరిచేసుకోవాలి, మాట్లాడేటప్పుడు మనుషులు దగ్గర ఉండకూడదు. అయినా పని నడుస్తది. ఊళ్లోపలి హాములతో 145 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడడానికి అర మీటరు కడ్డీ సరిపోతది. ఎర్త్ మాత్రం తాతలా నల్లాకి చుట్టకు. ఇప్పుడు గొట్టాలు ప్లాస్టిక్‌వి.

ఇదంతా ఎట్లా కట్టాలో. ఎవర్ని అడగాలో కూడా చెప్పాను. వాడు కమిటీకిచ్చిన కాగితంలో తనకి ఏం కావాలో ఒక్కటే ఉంది. తీగ తెగితే ఎక్కడ పడతదో లేదు, వానాకాలంలో దాన్నేం చేస్తాడో లేదు, పై అంతస్తువాళ్ల పేరే లేదు. వాళ్లకి ఒరిగేదేందో అసలే లేదు. కమిటీ వాళ్లది తప్పని నేను అనలేకపోయాను. గచ్చి అందరిదీ గదా.

ఇప్పుడు వాడు బాల్కనీ వలయంతో రాత్రిళ్లు హైదరాబాద్ హాములతో మాట్లాడుతున్నాడు. జనరల్ బాడీ మీటింగుకి కొత్త అర్జీ రాసుకున్నాడు. దాంట్లో తీగ బొమ్మ గీసి, కరెంటు వైర్లకి ఎంత దూరమో రాశాడు. వరదలొచ్చి ఫోన్లు ఆగితే బిల్డింగు కబుర్లు తన సెట్టు మీద పంపుతానని మాట కూడా ఇచ్చాడు. ఒప్పుకుంటారో లేదో తెలవదు.

కామాటిపురా పాత చాళ్లు కూలగొట్టి మేడలు కట్టే పని మ్హాడా చేతుల్లో ఉంది. మా చాల్ కూడా ఆ లెక్కలోదే. మొన్న పోయి చూస్తే ఎదురు గ్యాలరీ గుంజ ఇంకా ఉంది. తాడు ఒరిపిడికి పడ్డ గాడి దాని మీద వేలికి తగిలింది. ఎదురింటాయన మనవడు బయటికొచ్చి ఏం చూస్తున్నారని మరాఠీలో అడిగాడు. చెప్పాను. లోపలికి పిలిచి చాయ్ పోశాడు.