సభాపతిశబ్దార్థము - శాసనసభాధర్మము

పోచారమను పేరు మనకు రెండువిధములఁ బ్రసిద్ధము. ఎల్లారెడ్డి ప్రాంతమున 1916-1922 సంవత్సరముల నడుమఁ గట్టఁబడిన జలాశయ మొకటి. 2019 జనవరి 18వ తేదీని తెలంగాణ శాసనసభకు సభాపతిగా నేకగ్రీవముగ నెన్నుకొనఁబడిన పోచారం శ్రీనివాసరెడ్డిగారి నామధేయము రెండవది. ఈ రెండవదానినిఁ బురస్కరించుకొని సభావ్యవస్థను గొంత విచారింతము.

వైయాకరణులు ‘పా రక్షణే’ అను ధాతువునుండి పతిశబ్దమును సాధించిరి. కావున సభాపతి యనఁగా సభకు రక్షకుఁడు. రాజ్యాంగము నీ యర్థమునే బలపఱుచుచున్నది. 178వ యధికరణము ననుసరించి సభ్యులే తమలో నొకరిని సభాపతిగను, నొకరిని ఉపసభాపతిగను నెన్నుకొందురు. 179వ దానిచేఁ బదునాలుగు దినముల ముందు తెలిపి, సభ్యులలో నధికసంఖ్యాకుల తీర్మానముచేఁ దొలఁగింపనుం గలరు. ఇరుపక్షముల వోట్లు సమానమైనప్పుడు దక్క నతఁడు వోటు వేయరాదు. 119 మంది గల సభలోఁ బండ్రెండుగురు లేనిదే సభ సాగదు. 208వ యధికరణముచే సభ తన నియమములను దానే కల్పించుకొనును.

సభ యంతయుఁ గూడి ప్రతిపద్దును బరిశీలించుట దుర్ఘటము. అందులకై ప్రజాపద్దుల సమితి, అంచనాల సమితి, ప్రభుత్వరంగ సంస్థల సమితి, హక్కుల సమితి మున్నగున వేర్పడినవి. ప్రజాపద్దుల సమితికిఁ బ్రతిపక్షమువా రధ్యక్షులగుట శిష్టాచారము.

ఇఁక విషమస్థలము. 1985లోఁ జేరిన పదియవ షెడ్యూలున, పక్షమును వీడినవానికి సభ్యత్వము పోవుననుట యుత్సర్గము. మూఁడింట రెండువంతులమంది యంగీకరించిన విలీన మపవాదము. ఏది యెచటఁ బ్రవర్తించునో నిర్ణయించువాఁడు సభాపతియే. 2019 జూనులోఁ బండ్రెండుగురు కాంగ్రెసు సభ్యుల విషయమున శ్రీనివాసరెడ్డిగారు అపవాదమునే యన్వయించి విలీనము నంగీకరించిరి. 2023లో బాన్సువాడనుండి గెలిచిన వారిపైనే, పక్షము మాఱిరని 2024లో ననర్హతార్జి దాఖలయ్యెను. నాఁటి తీర్పరి, తన యనంతరము సభాపతియైన గడ్డం ప్రసాదకుమారుగారి యెదుటఁ బ్రతివాది యయ్యెను. అట్టి పదుగురి యర్జీలను మూఁడునెలలలోఁ దేల్పుమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు ఆదేశించెను.

ఇందు వ్యక్తులను నిందించుట నా యుద్దేశము కాదు. లోపము సూత్రమునందే యున్నది. నిర్ణయమునకుఁ గాలావధిని షెడ్యూలు చెప్పలేదు. అధికారపక్షమునుండి వచ్చినవాఁడే న్యాయమూర్తి యగుచున్నాఁడు. ఆలస్యమే తీర్పైనచోఁ బతిశబ్దమున రక్షణార్థము లోపించి, స్వామ్యార్థమే మిగులును. వోటిచ్చిన గ్రామస్థుని మాట నిలుచుటయో పోవుటయో దీనిపై నాధారపడియున్నది. కావున నవధిని సూత్రమునందే చేర్చుట యుక్తమని నా మతము. విజ్ఞులు విచారింతురుగాక.