తంజావూరు పడమటి వీథి

తంజావూరునకు పోవు తెలుగువారు బృహదీశ్వరుని సేవించి మరలుట పరిపాటి. ఈ మారు మేము ఊరిలోని మేల రాజవీథిని, అనగా పడమటి వీథిని, తీరికగా నడచి చూచితిమి.

బంగారు కామాక్షి కోవెల ఇచ్చటనే కలదు. శ్యామశాస్త్రిగారు (1762-1827) ఈ తల్లికి అర్చకులు. భైరవి, తోడి, యదుకులకాంభోజి రాగములలో వారు కూర్చిన మూడు స్వరజతులును తెలుగే. చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అను నట్టువ సోదరుల యిల్లును ఈ వీథిలోనిదే. అలరింపు మొదలు తిల్లానా వరకు గల నాట్యక్రమమును తీర్చిదిద్దినవారు వీరు. తమిళులయ్యును పెక్కు వర్ణములను తెలుగున రచించిరి.

కారణమేమన, 1673 వరకు ఏలిన నాయకరాజుల కొలువున ఆటకును పాటకును భాష తెలుగు. విజయరాఘవుడు స్వయముగా యక్షగానములు వ్రాసెను. రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించెను. తరువాతి మరాఠా ప్రభువులును ఆ మర్యాదను విడువలేదు. శాహజీ (1684-1712) తానును తెలుగు యక్షగానములు వ్రాసెను.

కోటలోని సరస్వతీమహలులో తెలుగు తాళపత్రములు నేటికిని భద్రముగా నున్నవి. 1918లో ఆ భాండాగారము ప్రజలదైనది. కాని చదువువారెవరు? మన బిడ్డలనేకులు ఈ కీర్తనలను తమిళ లిపిలో వ్రాసికొని పాడుచున్నారు. పాట నిలిచినది, అక్షరము జారుచున్నది. పరభాషలవారు ప్రేమతో కాపాడిన దానిని మనము చదువలేకుండుట తగునా? ఇంటికొక బిడ్డకైనను ఓనమాలు దిద్దించి, పిదప ఈ వీథికి తోడ్కొని పోవుదము.