రంగము సొమ్ము

గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల పల్లెవారు రంగూనును 'రంగ'మని పిలిచెడివారు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ఓడరేవులలోను బియ్యపు మిల్లులలోను కూలికై వేలకొలది తెలుగువారు సముద్రము దాటి అచ్చటికి పోయిరి. బర్మావారు వీరిని కోరంగివారనిరి. యానామునకు చేరువనున్న కోరంగి రేవే ఆ పేరునకు మూలము.

మేస్త్రీ ముందుగా సొమ్మిచ్చి కూలీలను తీసికొనిపోయెడివాడు. ఆ బాకీయు, అతని కోతయు పోగా మిగిలినదే యింటికి చేరెడిది. ఈ సంగతి యింటనున్నవారి కెట్లు తెలియును? మనియార్డరు వచ్చిన యింటికి గౌరవము, రాని యింటికి అనుమానము మిగిలెను. ప్రేమకు రూపాయి కొలత యయ్యెను. మరియొకవంక, ఆ సొమ్ముతోనే అప్పు, సేద్యము, పిల్లల పెండ్లి స్వయముగా చక్కబెట్ట నేర్చిన యిల్లాండ్రును గలరు.

1936 ఏప్రిల్ 1న గంజాములో పెద్దభాగము ఒరిస్సాలో చేరెను. సరిగా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా భారతదేశమునుండి వేరయ్యెను. ఒకే కుటుంబము నడుమ రెండెల్లలు పడెను. బర్మాకై వెలువడిన రిజర్వుబ్యాంకు నోట్లపై, అవి బర్మాలో మాత్రమే చెల్లునను ముద్ర వేసిరి. సొమ్మునకును సరిహద్దు ఏర్పడెను.

1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడెను. 1942లో లక్షలకొలది భారతీయులు బర్మా విడిచిరి. పెక్కురు కొండలు, అడవులు దాటుచు కాలినడకను వచ్చిరి. వేలమంది త్రోవలోనే మరణించిరి. అట్లు వట్టిచేతులతో గుమ్మమెక్కిన కొడుకును 'ఏమి తెచ్చితి'వని యడిగిన తల్లి యుండునా? సొమ్ము మరపించిన విలువను ఆ నడక జ్ఞప్తికి తెచ్చెను. నేడును పరదేశమునుండి డబ్బు రాని నెలలో ముందుగా అడుగవలసినది పంపువాని క్షేమమే.