హెబ్రోను నుండి నారాయణగూడ వరకు



పోయిన నెల హైదరాబాదు వెళ్లొచ్చాను. మన సంఘపు పిల్లలు ఇద్దరు అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నారు కదా, వాళ్లను చూసి, ప్రార్థన చేసి రావాలని వెళ్లాను. ఆ వీధుల్లో ఎటు చూసినా కోచింగ్ బోర్డులు, హాస్టళ్లు, జిరాక్సు షాపులే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ కూడా చూపించారు. "పొద్దున్నే రాకపోతే కుర్చీ దొరకదు అయ్యగారూ" అన్నారు. ఆ దగ్గర్లోనే త్యాగరాయ గానసభ ఉంది, సంగీతానికీ నాటకానికీ పేరున్న చోటు.

"ఇక్కడ మనవాళ్ల గుర్తులు ఏమున్నాయిరా?" అని అడిగితే వాళ్లకు తెలియలేదు. సరే, నేనే చూపిస్తానన్నాను.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి ముషీరాబాద్ వైపు వెళ్తే గోల్కొండ క్రాస్‌రోడ్స్ వస్తుంది. అక్కడ ఉంది హెబ్రోను. మన పెద్దలు చాలామంది ఆ కూటాలకు మూటా ముల్లె కట్టుకుని వెళ్లినవాళ్లే. చాపల మీద కూర్చుని వాక్యం విన్నారు, ఒకే పంక్తిలో ప్రేమవిందు తిన్నారు. ఎవరిది ఏ ఊరు, ఏ కులం అని అక్కడ అడగలేదని మా నాయన చెప్పేవాడు.

ఆ పరిచర్యకు దేవుడు వాడుకున్న బక్త్ సింగ్ గారు 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు చేతికి వచ్చిన బైబిలును చింపేసి, అందంగా ఉందని అట్టను మాత్రం దాచుకున్నానని ఆయనే సాక్ష్యం చెప్పేవారు. ఇంజనీరింగు చదవడానికి ఇంగ్లండు వెళ్లారు. 1929లో కెనడాలో ఒక స్నేహితుని దగ్గర కొత్త నిబంధన తీసుకుని చదివి, ప్రభువును నమ్ముకున్నారు. 1932లో వాంకూవరులో బాప్తిస్మం పొందారు. 1933లో బొంబాయిలో దిగినప్పుడు, ఈ సంగతి బయటికి చెప్పవద్దని కన్నవాళ్లు అడిగారు. ఆయన ఒప్పుకోలేదు, వీధుల్లో సువార్త చెప్పడం మొదలుపెట్టారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సహవాసం ఆరంభమైంది. తరువాత హైదరాబాదు హెబ్రోను ఆ పనికి కేంద్రమైంది.

చివరి సంవత్సరాలు ఆయన మంచం మీదనే గడిపారు. 2000 సెప్టెంబరు 17న ప్రభువు సన్నిధికి చేరారు. అదే నెల 22న, లెక్కకు మించిన జనం మధ్య, ఆయన దేహాన్ని నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటకు తీసుకెళ్లారు.

మేమూ ఆటో ఎక్కి నారాయణగూడ వచ్చాం. అక్కడే మాడపాటి హనుమంతరావు గారు 1928లో ఆడపిల్లల కోసం పెట్టిన తెలుగు బడి ఉంది. ఉర్దూ చదువులే నడిచే నిజాం రోజుల్లో అది ఎంత ధైర్యమో ఆలోచించండి. వై.ఎం.సి.ఏ. కూడా అక్కడే. 1844లో లండనులో జార్జి విలియమ్స్ అనే బట్టల కొట్టు గుమాస్తా, తోటి యువకులతో కలిసి ఆరంభించిన సహవాసం అది.

తరువాత సమాధుల తోటలో నిలబడ్డాం. రాళ్ల మీద పేర్లు చదువుతుంటే ఆదికాండము 23వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. అబ్రాహాము శారాను పాతిపెట్టింది కూడా హెబ్రోనులోనే. దేశమంతా వాగ్దానంగా పొందినవాడికి అప్పటికి అడుగు నేల లేదు. ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు. హేతు కుమారులకు వంగి నమస్కరించి, ఊరి గవిని దగ్గర అందరూ చూస్తుండగా నాలుగువందల తులాల వెండి తూచి ఇచ్చాడు. పొలం, గుహ, హద్దుల్లోని చెట్లతో సహా అన్నీ అక్కడ చెప్పబడ్డాయి. ఈ రోజుల్లో మనం రిజిస్ట్రేషను కాగితంలో రాయించుకునేవి అవే కదా!

ప్రియులారా, ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మన సమాధుల స్థలం నోటిమాట మీద వచ్చింది. కాగితం లేదు, కొలత లేదు. పోయిన వానాకాలం పెద్దమ్మను పాతిపెట్టడానికి వెళ్లినప్పుడు హద్దు దగ్గర జరిగిన తగాదా మీకు తెలుసు. ఆ రోజు శవపేటిక పక్కనే నేనూ గొంతు పెంచాను. అబ్రాహాము వంగిన చోట నేను వేలు చూపించాను. అది నా తప్పు. ఈ వారమే పక్క పొలం ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడుగుతాను.

మందిరానికి గ్రానైటు వేయిద్దామని కొందరు అంటున్నారు. మంచిదే. అయితే ముందు ఆ స్థలం కొలిపించి, న్యాయమైన ధర ఇచ్చి, పొరుగువారి ముందే కాగితం రాయించుకుందాం. మనకు సువార్త తెచ్చిన ముసలివాళ్లు అక్కడ నిద్రిస్తున్నారు. పునరుత్థానాన్ని నమ్మే మనం వాళ్లు పడుకున్న చోటును తగాదాలో వదిలేయకూడదు.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత కూర్చుందాం. ఇళ్లలో పాత కాగితాలు ఏవైనా ఉంటే తీసుకురండి. అశోక్‌నగర్‌లో చదువుకుంటున్న మన పిల్లల కోసం కూడా ప్రార్థించండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.