ఊకొట్టడం

కథ వింటున్నవారు మాటమాటకూ "ఊ" అంటూ చెప్పేవారికి బదులివ్వడం. తెలుగిళ్లలో ఇది మర్యాద కాదు, షరతు: ఊకొట్టకపోతే అమ్మమ్మ కథ ఆపేస్తుంది. ఆరుబయట నులకమంచం మీద, చీకట్లో పిల్లవాడి ముఖం కనిపించదు. వింటున్నాడనడానికి ఆ "ఊ" ఒక్కటే ఆనవాలు. మొదట గట్టిగా, తర్వాత సాగుతూ, చివరికి ముక్కులో మూలుగులా వచ్చిందంటే నిద్ర ముంచుకొచ్చినట్టే. ఏడు చేపల కథలో ఏడో చేప ఎందుకు ఎండలేదన్నది మర్నాటి మాట.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు నిలబడింది వినేవాడి పంతం మీదే. కాశీకి బయల్దేరిన మణిసిద్ధుడనే యతికి తోడు దొరకదు. చివరికి ఒక పశువుల కాపరి ఒప్పుకుంటాడు, మజిలీ మజిలీకీ తనడిగిన వింతకు కథ చెప్పాలన్న కట్టడితో. యతికి తోడు కావాలి, కుర్రవాడికి కథ కావాలి, దారి సాగుతుంది. బేతాళ కథల్లో ఇది తలకిందులు: విక్రమార్కుడు నోరు విప్పితే భుజాన కథ చెబుతున్న శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఊకొట్టకుండా కథ వినడం కంటే పెద్ద శిక్ష ఉంటుందా?

బుర్రకథలో ఊకొట్టే పని పక్కనుండే వంతలది. కథకుడి ప్రతి చరణానికీ "తందాన తాన" అందుకుంటూ, మధ్యలో జనం తరఫున ప్రశ్నలూ వేస్తారు. షేక్ నాజర్ (1920–1997) ఈ కళకు పేరు తెచ్చారు.

"ఊకదంపుడు"కు ఊకొట్టడంతో చుట్టరికం లేదు. అక్కడి ఊక ధాన్యపు పొట్టు. ఫోన్లో కాసేపు "ఊ" వినపడకపోతే "ఉన్నావా?" అని అడగడం మాత్రం ఊకొట్టించుకునే అలవాటే.