వెలుగు మసకబారిన చోట
ఉంగుటూరు శ్రోతలకు భీమవరము దూరపుటూరు కాదు. అచ్చట 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో ఒకరు. అందలి ఎడినీను అను క్షారమే డి.ఎన్.ఏ. పోగులోను ఒక అక్షరము. జంటపోగుల రూపము 1953లో తేలుటకు ముందే, 1948లో, ఆయన గతించిరి.

ఎడినీను ఇంచుమించు వెలుగదు. దాని అమైనో గుంపును ఆరవ స్థానమునుండి రెండవదానికి మార్చినచో 2-అమైనోప్యూరిను అగును. అతినీలలోహిత కిరణములు సోకగా ఇది 370 నానోమీటర్ల చెంత తానును కాంతిని వెలువరించును. వార్డు, రైక్, స్ట్రయర్ అను శాస్త్రజ్ఞులు 1969లో దీని కాంతిని గూర్చి ప్రకటించిరి. విడిగా నున్నప్పుడు మిక్కిలి వెలుగును. పోగులో పళ్ళెములవలె పేర్చబడిన ఇరుగుపొరుగు క్షారముల నడుమ మసకబారును. మాకు వింతగా తోచినది ఆ మసకయే పనికివచ్చుట. కొన్ని ఎంజైములు క్షారమును పోగునుండి వెలికి త్రిప్పునని ఈ వెలుగు హెచ్చుటను బట్టియే 1990ల పరిశోధకులు పసిగట్టగలిగిరి.