సైఫాబాద్‌కు మానుకోట ఎంత దూరం

పాలకుర్తిలో తన పంట తన ఇంటికే చేర్చుకుంటానని విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడ్డ చాకలి ఐలమ్మది ఇవాళ్టి జనగామ జిల్లా. 2024లో ఆమె పేరు హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. ప్రొఫెసర్ జయశంకర్ పుట్టింది వరంగల్ పక్కన అక్కంపేటలో. ఆయన పేరు ఇటు భూపాలపల్లి జిల్లాకూ, అటు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ ఉంది. పేర్లు ఇక్కడివి, చదువులు హైదరాబాద్‌లోవి. ఆ చదువుల్లో ఒకటి గృహవిజ్ఞానం.

ఇల్లాలికి పాఠాలు చెప్పే పని మనదగ్గర కళాశాల కంటే ముందు పత్రికే ఎత్తుకుంది. కందుకూరి వీరేశలింగం ‘సతీహితబోధిని’ 1883 నాటిది, కె.ఎన్. కేసరి ‘గృహలక్ష్మి’ 1928 నాటిది. నిజాం ఇలాకాలోని మన ఊళ్లకు అవి చేరింది తక్కువే. ఆ రెంటికీ నడుమ, 1899లో, అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో ఎలెన్ స్వాలో రిచర్డ్స్ బృందం ఇంటి పనిని శాస్త్రంగా చూడాలని కూర్చుంది. ఆమె రసాయన శాస్త్రవేత్త, నీళ్లనూ ఆహారంలో కల్తీనీ పరీక్షించిన మనిషి. ‘వంటకు డిగ్రీ ఎందుకు’ అని నవ్వేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ 1932లో వచ్చింది.

తెలంగాణలో ఈ చదువుకు పెద్ద చిరునామా హైదరాబాద్‌లోని సైఫాబాద్. 1964లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం గొడుగు కిందికి అక్కడి గృహవిజ్ఞాన కళాశాల చేరింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం నిలదొక్కుకోవడానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. పొలం మగవాడిది, పొయ్యి ఆడదానిది అన్న పంపకం కూడా ఆ తోడ్పాటుతోపాటే వచ్చిందా అని నాకు అనుమానం. మన పల్లెల్లో నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లోనే హంసా మెహతా కమిటీ, ఆడపిల్లలకొక చదువు, మగపిల్లలకొక చదువు అన్న గీత చెరిపేయమంది. గీత చెరగడానికి చాలా ఏళ్లు పట్టింది.

అసలు కథ వంటింట్లో కాదు, కంచంలో ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా జొన్నే ప్రధాన తిండిగా బతికే దక్కన్ పేదల్లో పెల్లాగ్రాను గమనించారు. ఎండ తగిలినచోట, మెడ చుట్టూ, మణికట్ల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు అది. మక్కలు తినే దేశాల్లో అది తెలిసిందే. జొన్నల్లో ల్యూసిన్ ఎక్కువవడం వల్లనే ఇక్కడా వస్తోందని వాళ్లిద్దరూ 1960లో రాశారు. ఆ మాట మీద తర్వాత వాదాలూ నడిచాయి. తప్పు జొన్నది కాదనే నా లెక్క. జొన్న గటక పక్కన పప్పూ పాలూ ఉన్న ఇంటికి ఆ జబ్బు పెద్దగా రాలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక గటక కుండలు అటకెక్కాయి. ఇప్పుడు అవే జొన్నలు సూపర్ బజార్లో చిరుధాన్యాలన్న పేరుతో బియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి.

1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన ఐసీడీఎస్‌తో అంగన్‌వాడీ పుట్టింది. పోషకాహారం చదివిన అమ్మాయికి కొలువు దొరికే దారీ తెరుచుకుంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ గృహవిజ్ఞానానికి చోటుంది. మానుకోట అని మనం పిలిచే మహబూబాబాద్ జిల్లాలో అలాంటి కేంద్రం మల్యాలలో ఉంది. ఏటూరునాగారం ఐటీడీఏ పరిధిలో ఇక్రిశాట్ తోడుగా ‘గిరిపోషణ’ అనే పోషకాహార పథకం నడిచింది. జొన్నలతో చేసిన తినుబండారాలు మళ్లీ గిరిజన పిల్లల చేతికే వచ్చాయి.

వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఐదో డీన్ల కమిటీ సిఫార్సు తర్వాత గృహవిజ్ఞానం కోర్సు పేరు కమ్యూనిటీ సైన్స్‌గా మారింది. ఆహారం, శిశువికాసం, వస్త్రాలు, వనరుల నిర్వహణ, విస్తరణ అని శాఖలు. పేరులోంచి ‘గృహం’ పోయినందుకు నాకేం దిగులు లేదు. మహదేవపూర్ దసలి పట్టు మగ్గం ముందు కూర్చుని దారం లెక్క రాసుకునే విద్యార్థినిది ఏ గృహం?

చివరి ఏడాది పిల్లల్ని పల్లెలకు పంపుతారు. నిన్నటి తిండి లెక్క అడగడం అందులో ఓ పని. అందుకు కొలత గిన్నెలు వెంట ఉంటాయి. ‘నిన్న పొద్దుగాల ఏం తిన్నవ్ అవ్వా?’ అంటే ‘ఏమున్నది బిడ్డా, ఇంత అన్నం, పచ్చిపులుసు’ అంటుంది అవ్వ. ‘ఇంత’ అంటే ఎంత? గిన్నెలు వరసగా పెడితే నవ్వి, అన్నిట్లోకీ పెద్దది చూపించి, కాసేపటికి చిన్నదాని మీదికి వేలు జరుపుతుంది. ఆ జరిగిన వేలిని కాగితం మీదికి తేవడమే చదువు. తండాలో పెరిగిన పిల్లకైతే అది అడగకముందే తెలుసు.

జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాలు మూడూ 2016 అక్టోబరు 11న పుట్టాయి. నాలుగేళ్ల కమ్యూనిటీ సైన్స్ కోర్సు కావాలంటే ఇప్పటికీ సైఫాబాద్ పోవాల్సిందే. జనగామ, మానుకోట పిల్లలకు రైలుంది. భూపాలపల్లిలో బొగ్గుంది గానీ రైలు స్టేషన్ లేదు, పొద్దున్నే బస్సు పట్టుకోవాలి.